ఎడంచేతి సెట్టు

ఆ రోజు తప్పు చేసింది నేను. నా నోటిమాట వల్ల జరిగిన పొరపాటును ఇంకొకరి చేతిమీదికి నెట్టాను. ఆ తర్వాత పావుగంటలో నేను చూసింది చెప్పాలంటే ముందు ఇది ఒప్పుకోవాలి.

దయ్యాలనీ మహిమలనీ నేను ఎన్నడూ నమ్మింది లేదు. మా నాయన ఉదయగిరి బాప్టిస్టు చర్చిలో పెద్దమనిషి. అలాంటి మాటలు ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత నేను చదివిందీ, ఆత్మకూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా చెబుతున్నదీ గాలి లెక్కలే.

బెంగళూరులో ఒక చిన్న కంపెనీ, ప్రొపెల్లర్లను తిప్పే రెండు టర్బోప్రాప్ ఇంజన్ల బిజినెస్ విమానాన్ని డిజైన్ చేస్తోంది. ఎనిమిది మంది కూర్చునేది. నాలుగేళ్లలో దాని తోక రెండుసార్లు, రెక్క మూడుసార్లు మారాయి. అందరూ అలసిపోయి ఉన్నారు. మా కాలేజీలో విండ్ టన్నెల్ ఉంది. ఒక చివర పెద్ద ఫ్యాను, మధ్యలో అద్దాల పెట్టె, అందులో నమూనా విమానం. మొదటి పరీక్షలు అక్కడ చేస్తామని, నన్ను సలహాదారుగా పెట్టుకున్నారు.

నమూనాకు ప్రొపెల్లర్లు చెక్కతో చేయిద్దామన్నది నేనే. ఉదయగిరిలో మా బజారులోనే ఉండే మస్తాన్ మామ గరిటెలు, స్పూన్లు చెక్కుతాడు. ఆయన స్పూను ఎండకు పట్టుకుంటే అవతలి వెలుగు కనిపిస్తుంది. ప్రొపెల్లర్లు కుదిరితే విమానం క్యాబిన్ మొత్తానికీ అసలు కొలతల్లో చెక్క నమూనా చేసే పని ఆయన షెడ్డుకే ఇస్తామన్నారు కంపెనీవాళ్లు. గరిటెలకు గిరాకీ పడిపోయిన ఆ షెడ్డులోని ఎనిమిది మందికి అది ఏడాది పని.

రెండు ప్రొపెల్లర్లూ ఒకే వైపు తిరిగితే విమానం పక్కకు లాగుతుంది. అందుకే ఎడమది ఎదురు తిరగాలని నిర్ణయించాం. అంటే దాని రెక్కలు కుడిదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. దానికి వేరే బొమ్మ గీయాలి. నేను బద్ధకించాను. కుడిదాని బొమ్మ ఒక్కటే పంపి, ఫోనులో, "మామా, రెండో సెట్టు ఎడంచేతిది" అన్నాను. మా పనిలో ఆ మాటకు ప్రతిబింబమని అర్థం.

"ఎడంచేతిదా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు.

"ఎడంచేతిదే మామా" అని పెట్టేశాను.

ఆయన వాటిని తువ్వాలులో చుట్టుకుని ఆత్మకూరు బస్సులో తెచ్చాడు. ఉదయం పదకొండు గంటలకు నమూనాకు బిగించాం. కంపెనీ ఇంజనీరు మాధవి వంగి చూసి, "సార్, రెండూ ఒకటేగా!" అంది.

"చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు" అన్నాను.

మస్తాన్ మామ నా వైపు తిరిగాడు. "ఎడంచేతిది అంటివి గదా అబ్బయ్యా. నేను ఎడంచేత్తోనే చెక్కినాను. పన్నెండు దినాలు పట్టినాది. ఇదో చూడు." కుడిచేతి వేళ్లు చూపించాడు. అలవాటులేని ఎడమ చేతిలోంచి ఉలి జారినచోటల్లా గాట్లు.

ల్యాబ్ అటెండరు నవ్వాడు. నేనూ నవ్వాను.

"వీటిని ప్లాస్టిక్‌లో ప్రింట్ తీయించుకుంటాం సార్. క్యాబిన్ పని కూడా బెంగళూరులోనే చూసుకుంటాం" అంది మాధవి.

నమూనా బిగించే ఉంది కాబట్టి గాలి ఒత్తిడి లెక్కలైనా తీసుకుందామని ఫ్యాను వేశాం. ప్రొపెల్లర్లకు మోటారు లేదు, గాలికే తిరగాలి. ఒక్కో దానిలో ఒక రెక్క కొనకు ఎర్రరంగు వేసి ఉంది. ఒకే ఆకారం గలవి ఒకే వైపు తిరగాలి. ఇందులో వాదన లేదు.

ఎడమది ఎదురు తిరిగింది.

నలుగురం చూశాం. అప్పటికి గాలి తక్కువ. ఎర్రకొన ఎటు పోతోందో కంటితో వెంబడించగలిగేంత నెమ్మదిగా తిరిగింది. మాధవి ఫోనులో వీడియో తీసింది కానీ, తిరిగే వస్తువు విషయంలో కెమెరా మోసం చేస్తుంది. దాన్ని సాక్ష్యమని నేను అనను. ఫ్యాను ఆపి, రెండింటినీ విప్పి, పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటే మెలిక.

"మీరు కోరినట్టే తిరిగినాది గదా. మరి నా తప్పు యాడుండాది?" అన్నాడు మస్తాన్ మామ.

తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. "ఏదో గాలిసుడి మామా" అన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక మూడుసార్లు తిప్పి చూశాం. మూడుసార్లూ రెండూ ఒకే వైపు తిరిగాయి. బేరింగులు చూశాను, టన్నెల్లో సుడి ఉందేమోనని దారప్పోగులు కట్టి చూశాను. ఏమీ లేదు. రిపోర్టులో ఆ సంగతి మాధవి రాయలేదు, నేనూ రాయలేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను చేయాల్సిందేమిటో మాత్రం తెలుసు. అది చేయడానికి పది రోజులు పట్టింది. బొమ్మ గీయనిది నేనేనని, ఆయన నా మాటను తు.చ. తప్పకుండా పాటించాడని కంపెనీకి రాశాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఉదయగిరిలో ఆయన షెడ్డుకు వెళ్లి, ఎనిమిది మంది ముందూ అదే చెప్పాను.

మస్తాన్ మామ ఉలి ఆపలేదు. "ఆ మాట ఆడ చెప్పాల. ఈడ చెప్తే ఏం లాభం?"

"ఆడ కూడా చెప్పినాను మామా."

"ఏమన్నారు?"

"నన్ను తీసేసినారు. నీకు ఇంకోసారి ఇస్తామన్నారు."

"మేలయింది. ఇంక నీకు తీరికే గదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వు నా మీద. ఎడమదానికి నేను గీసి తెచ్చిన బొమ్మను పక్కన పడేసి, గోడకున్న గడ్డం గీసుకునే అద్దం తీసి నా చేతికిచ్చాడు. కుడి రెక్కను దాని ఎదుట నిలబెట్టి, అద్దంలో చూస్తూ ఎడమది చెక్కడం మొదలుపెట్టాడు.

"కదిలించబాకరా, ఇమానం పడిపోతాది."

ఆ సెట్టు కుదిరింది. క్యాబిన్ పని ఇప్పుడు ఆ షెడ్డులోనే జరుగుతోంది. ఎడమవైపుది ఏది చెక్కాల్సి వచ్చినా ఆయన ఫోను చేస్తాడు. నేను ఆత్మకూరులో బస్సెక్కి వెళ్లి, అద్దం పట్టుకుని కూర్చుంటాను.