శనివారం బండి

భార్య తారాబాయి పోయాక సంతోష్‌రావు కారు తాళం ముట్టలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం ఇద్దరూ అందులో కొండగట్టు అంజన్న గుడికి వెళ్లేవారు. కోతులకు జడిసి ఆమె అద్దాలు దించనిచ్చేది కాదు. ఊరికే దుమ్ము పట్టించడమెందుకని చివరికి అమ్మకానికి పెట్టాడు.

కొంటానని వచ్చిన కరుణాకర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, నడిపి చూపిస్తూ, ఆ పాత ముచ్చట్లలో పడి కరీంనగర్ దాటేశాడు.

“ఎటు పోతున్నం సార్?”

“శనివారం గదా,” అన్నాడాయన. అప్పటికే కొండగట్టు కమాను కనిపిస్తోంది.

కరుణాకర్ నవ్వాడు. “బండి నచ్చింది సార్. ఎట్లాగూ వచ్చినం, పూజ గూడ చేయించుకుంట.”

పూజారి బానెట్‌కు సిందూరం పూసి, బండి ఎవరి పేరు మీద అని అడిగాడు.

కరుణాకర్ నోరు తెరిచేలోపే సంతోష్‌రావు చెప్పేశాడు.

“తారాబాయి.”