ఇవాళ సెలవన్నయ్యా

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే అతనికి ముప్పై ఆరేళ్లు. ఒక్కో దుప్పటినీ అంచుకు అంచు కలిపి, అరచేత్తో మూడుసార్లు నిమిరితే గానీ దొంతరలో పెట్టడు. ఆటిజం ఉన్నవాళ్లకు ఉద్యోగంలో తోడుండే పథకం కింద వచ్చిన శిక్షకురాలు, ఉతుకు పూర్తవగానే మోగే యంత్రాల సైరన్‌కు అతను హడలిపోతున్నాడని, దాన్ని తీయించి ఎర్రదీపం పెట్టించింది. ఆ తర్వాత రెండేళ్లలో అతను ఒక్కరోజు నాగా పెట్టలేదు. పథకం ఆగిపోయి ఆమె వెళ్లిపోయాక, కొత్త సూపర్‌వైజరు సైరన్ మళ్లీ పెట్టించాడు. మొదటి మోతకే అతను చెవులు మూసుకుని బల్ల కిందికి దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. "మంచివాడేనమ్మా, కానీ మాకు కుదరదు," అంటూ సూపర్‌వైజరు అతన్ని చెల్లెలికి అప్పగించాడు.

మర్నాడు అతను ఆరింటికే స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ సెలవన్నయ్యా," అంది చెల్లెలు.

"రేపు?"

"రేపు కూడా."

"సోమవారం?"

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను అక్కడే నిలబడి మంగళవారం గురించి అడిగాడు, బుధవారం గురించి అడిగాడు.