‘మర్‌మర్’ అన్న డాక్టర్

మా ఆయన రైల్వే నౌకరీతోని మహారాష్ట్రల నాందేడ్ అచ్చిన కొత్త. మా ఆరేండ్ల బిడ్డకు మూడు దినాల సంది జ్వరం. నాకు కంటి మీద కునుకు లేదు. దవాఖానల డాక్టర్ బిడ్డ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, నర్సుతోని ‘‘మర్‌మర్’’ అన్నడు.

హిందీల ‘మర్’ అంటె చావు గదా! ‘‘పసిపిల్లను పట్టుకొని మర్ మర్ అంటరేంది సార్?’’ అని అందరి ముంగట అరిచి ఏడ్చిన.

ఆ డాక్టర్‌ది నిజామాబాదంట. తెలుగులనే చెప్పిండు. ‘‘అది ఇంగ్లీషు మాటమ్మా. మర్‌మర్ అంటె గుసగుస. ఆ చప్పుడు నుంచే మాట పుట్టింది. గుండెల రక్తం పారంగ గట్ల వినపడ్తది. జ్వరంల మామూలే, తగ్గినంక మళ్ల చూస్త.’’

జ్వరం తగ్గినంక ఆ చప్పుడూ పోయింది. నిద్రలేని చెవులకు ఏ మాటయినా భయంగనే వినపడ్తదని ఆ దినం తెల్సింది.