ఒళ్ళు కాల్తందేటి బావా?

పోర్టులో మాతో కలిసి సరుకు దించే ఒకతన్ని అందరం బావ అనే పిలిచేవాళ్ళం. అతను డ్యూటీ ఎక్కేముందు ఎదురుపడ్డవాడి చెయ్యి లాక్కుని తన మెడ మీద పెట్టుకునేవాడు. "ఒళ్ళు కాల్తందేటి బావా?" అని అడిగేవాడు. లేదని చెబితే నవ్వుతూ ఓడెక్కేవాడు.

పంతొమ్మిదివందల డెబ్భైల్లో ఓడ మీంచి పడినప్పుడు అతనికి ప్లీహం తీసేశారు. అది లేని మనిషికి చిన్న జ్వరమైనా ఒక్క పూటలో ప్రాణం మీదికి వస్తుందని, ఒళ్ళు వెచ్చబడితే వెంటనే రమ్మని డాక్టరు చెప్పాడు. మాకు మాత్రం ఆ మెడ పట్టి చూడడం రోజూ ఉండే నవ్వులాట.

ఒక వానాకాలం పొద్దున కేంటీన్ ముందు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు నవ్వలేదు.

"వణుకొత్తంది బావా, ఓపాలి సూడు."

చూశాను. వేడి తగల్లేదు. "వానకి తడిసినావు, అంతే. ఏటీ లేదు, పద" అన్నాను.

"నువ్వు సెప్పినావంటే సాల్లే" అని పనిలోకి వెళ్ళాడు.

సాయంత్రానికి తెలివి తప్పింది. మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రిలో పోయాడు. నిన్న పొద్దున్నే తెచ్చుంటే బతికేవాడేమో అన్నాడు డాక్టరు.

అతను పిలిచేవరకూ నా చేతిలో పొగలు కక్కుతున్న టీ గ్లాసు ఉంది. ఆ వేడి చేత్తోనే అతని మెడ పట్టుకున్నాను.

పదో రోజున అతని భార్య నన్ను పక్కకి పిలిచింది. "ఆ పొద్దున జొరం లేదట గదన్నా? నువ్వే సూసినావట."

"లేదమ్మా" అన్నాను.