రెండు కార్ఖానాలు, ఒక తోడల్లుడు

బడిలో నేను నేర్చుకున్న ఇంగ్లీషు రెండే అక్షరాలు. ఓకే. కంప్యూటర్‌కు అంతకుమించి అక్కర్లేదని చాలాకాలం నమ్మాను.

మా షేటుకు టవళ్ల కార్ఖానాలు రెండు. ఒకటి కొంతం చౌక్ వెనక, ఇంకొకటి హోట్గి రోడ్‌లో. దేని సర్వర్ దానిదే, దేని స్టాకు దానిలోనే. ఫోన్లో చెప్పే లెక్కను షేటు నమ్మడు. హోట్గి రోడ్‌లో ఎంత మాల్ ఉందో బండి మీద వెళ్లి చూసొచ్చి చెప్పేవాణ్ణి నేను. వ్యాపారి ఎవరొచ్చినా షేటు మొదట కేకేసేది నన్నే.

అలాంటి చోటికి నా భార్య చెల్లెలి భర్త, అంటే నా తోడల్లుడు, పనికి వచ్చాడు. వచ్చీరాగానే ఒక ప్రోగ్రాం పెట్టి రెండు కార్ఖానాల పేర్లూ ఒకే తెర మీద కనపడేలా చేశాడు. పేరు మీద నొక్కితే ఆ సర్వర్ తెరుచుకుంటుంది. నా బండి నీడకు చేరింది. షేటు కేక అతనికి మారింది. అత్తగారింట్లో మొదటి చాయ్ కప్పు కూడా అతనికే.

ఇంతలో షేటు కుంభారి దారిలో మూడో కార్ఖానా తెరిచాడు. తోడల్లుడు అన్నానికి లేవగానే, దాన్ని నేనే తెర మీద చేర్చాలని అతని కుర్చీలో కూర్చున్నాను. కొత్త సర్వర్ అడ్రసు గోడకు అంటించి ఉంది. మా సాంచె మగ్గం మీద పడుగు చుట్టిన బీము అయిపోతే కొత్త బీము పోగుల్ని పాత పోగుల కొసలకే అతుకుతాం. నేనూ అట్లాగే తెర మీద కొంతం చౌక్ పేరుకున్న కనెక్షన్ తెరిచి, పాత అడ్రసు చెరిపి, కొత్తది రాసి, ఓకే కొట్టాను.

అప్పుడే షేటు ఒక వ్యాపారిని వెంటబెట్టుకొచ్చి కొంతం చౌక్ మీద నొక్కాడు. స్టాకు సున్నా.

"ఏంది రే, పాత కార్ఖానా మాల్ అంతా గాయబ్?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తోడల్లుడు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"మాల్ యాడికి పోలే షేట్. అడ్రసు మారింది, గంతే. ఇది కుంభారిది, ఆడ ఇంకా మాల్ లే."

పాత అడ్రసు తిరిగి పెట్టి, కుంభారికి వేరే కనెక్షన్ చేశాడు. మార్చిందెవరో తెలిసీ నా పేరెత్తలేదు. నాకు ఎక్కువ మండింది అక్కడే.

ఇంటికొచ్చి ఇదంతా నా భార్యకు చెప్పాను. "మూడు సర్వర్లను ఒక్క జాగాల కూసోని ఏలుతుండు మీ మరిది. ఒక్కనాడన్న ఎండల బండి నడిపిండా?"

ఆమె పెనం మీద రొట్టె తిప్పుతూ అంది: "నడపలే. రేపటిసంది నీ బండెనక కూసోవెట్టుకొని పనికి తీస్కపో. ఓకే కొట్టేముందు ఏం జూడాల్నో తోవల అడుగు."