ఎనిమిదింటి దాకా ఆగిన మనిషి

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. చేపముల్లయితే అన్నం ముద్ద మింగితే దిగేది. ఇది దిగదు. నవ్వినప్పుడల్లా కదులుతుంది, నేనేమో పొద్దస్తమానం నవ్వే మనిషిని. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననుకుంటున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెడితే సగంలో ఏదో వేళాకోళమాడి తప్పించుకుంటాను. నాకున్న జబ్బు అదొక్కటే. మిగతావన్నీ దురలవాట్లు.

ఎనిమిదో తరగతితో చదువు మానేశాను. మానేశానంటే గొప్పకోసం అంటున్నాను, బడివాళ్ళే దణ్ణం పెట్టి పంపించారు. తర్వాత గుడివాడలో లారీ షెడ్డు. అక్క నర్సు కోర్సు చదివి అమెరికా వచ్చింది. ఆమె వెనక బావ వచ్చాడు. ఆ వెనక నన్ను కూడా రప్పించారు. వర్జీనియాకి దక్షిణపు కొసన, చుట్టూ పొగాకు చేలున్న ఊరు. బావా నేనూ ఒకే టైర్ల షాపులో పనిచేసేవాళ్ళం. ఇప్పుడు అక్కా బావా హ్యూస్టన్‌లో ఉన్నారు. నేనిక్కడే ఉన్నాను.

ప్రతి ఆదివారం సాయంత్రం బావకి ఫోన్ చేస్తాను. ఎత్తగానే హలో అనడు, బాగున్నావా అనడు.

"ఏరా, ఏమైంది?" అంటాడు.

కారు పందాల సంగతి అడుగుతున్నాడన్నమాట. శనివారం మా ఊరి ట్రాకులో ఏం జరిగిందో, ఆదివారం పెద్ద ట్రాకులో ఎవరు గెలిచారో, వచ్చే వారం ఎక్కడో, ఎవరి ఊపు ఎలా ఉందో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలి. అక్కడా రేడియో ఉంది, పేపరుంది. "నువ్వు చెబితేనే నాకు కళ్ళకి కడుతుందిరా" అంటాడు.

మీకు ఈ పందాలు తెలియకపోతే రెండు ముక్కలు. స్టాక్ కార్ అంటారు. చూడ్డానికి షాపులో కొనుక్కునే కారే. లోపల సీట్లు పీకేసి, తోలేవాడి చుట్టూ ఇనప గొట్టాలతో పంజరం కట్టి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రోడ్డు మీద ఎడమపక్కకే తిప్పుకుంటూ పోతారు. మొదటిసారి చూసినప్పుడు "వీళ్ళకి కుడిపక్క తిప్పడం ఎవరూ నేర్పలేదా బావా?" అని గట్టిగా అడిగాను. చుట్టూ ఎవరికీ తెలుగు రాకపోయినా బావ నా నోరు మూశాడు.

మొన్న ఆదివారమూ ఫోన్ చేశాను. మా ఊళ్ళో శనివారం రెండుసార్లు వాన పడి పందెం ఆగడం, ట్రాకు ఆరబెట్టడానికి చూడ్డానికొచ్చినవాళ్ళ కార్లనే లోపలికి పిలిచి గుండ్రంగా తిప్పించడం, అందులో ఒక ముసలమ్మ ఎంత చెప్పినా బయటికి రాకుండా ఇంకో చుట్టు కొట్టడం, అన్నీ చెప్పాను. బావ పగలబడి నవ్వాడు. తర్వాత ఆదివారం పందెం. బావ ప్రతి వారం అడిగే తెల్ల కారు కుర్రాడు మూడో స్థానంలో వచ్చాడు.

"వచ్చే వారం ఎక్కడ?"

"చిన్న ట్రాకు బావా. మలుపులు గట్టివి."

"అక్కడ గోడ పక్కన బయటి గీత పట్టుకోవాలిరా. ఆ కుర్రాడు పట్టుకుంటే గెలుస్తాడు. బాగా తోలుతున్నాడు గానీ భయం పోలేదు ఇంకా. ఆ తర్వాతి వారం పెద్ద ట్రాకే కదా, అక్కడ వాణ్ణి ఆపేవాడు లేడు."

నేను ఊఁ కొట్టాను. ప్రతి వారం కొడుతూనే ఉన్నాను. ఆ కుర్రాడు కూర్చున్న సీటు మా బావది. ఆ సంగతి ఆ కుర్రాడికి తెలియదు. మా బావకీ తెలియదు. నాకొక్కడికే తెలుసు.

అసలు సంగతికి వస్తున్నాను. చూశారా, ఇంతసేపూ ముసలమ్మ కథ చెప్పాను.

మా ఊరికి వచ్చిన రెండో ఏడు బావా నేనూ ఒక పాత కారు సంపాదించి, షాపు వెనక కప్పు కింద పెట్టుకుని, పనయ్యాక దాన్ని పందానికి తయారుచేశాం. నేను విప్పేవాణ్ణి, ఆయన బిగించేవాడు. తోలడం ఆయన పని, తోలేటప్పుడు కంచె అవతల నిలబడి అరవడం నా పని. ఇండియాలో బావ కృష్ణా జిల్లా పల్లెల్లో వానాకాలం లారీ తోలినవాడు. నల్లరేగడి మీద బండి జారుతుంటే అడ్డుపడకూడదు, దానితోపాటు కొంచెం పోయి అప్పుడు మెల్లగా మళ్ళించుకోవాలి అంటాడు. ఇక్కడి వాళ్ళకి ఆ జారుడు తెలియదు. శనివారం శనివారం మా పాత కారు ముందుకు జరుగుతూ వచ్చింది. మొదట్లో మమ్మల్ని చూసి నవ్వినవాళ్ళే, తర్వాత మా ట్రైలరు దగ్గరికి వచ్చి టైర్లలో గాలి ఎంత పెట్టారని అడిగేవాళ్ళు. నేను ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పేవాణ్ణి.

ఆ శనివారాలు. కాలిన రబ్బరు వాసన, వేయించిన ఉల్లిపాయల వాసన, పొద్దు దిగుతుంటే ట్రాకు మీద లైట్లు ఒక్కొక్కటీ వెలగడం, హెల్మెట్ తీయగానే చెమటకి నుదుటికి అంటుకుపోయిన బావ జుట్టు. ఇప్పుడూ ప్రతి శనివారం వెళ్తాను. అదే కంచె దగ్గర నిలబడతాను. అన్నీ ఉంటాయి. అరవడానికి పేరే ఉండదు.

బావకి ఒక పట్టింపు ఉంది. వాళ్ళ నాన్నగారు బందరు దగ్గర పాస్టరు. ఆదివారం దేవుడి దినమని ఇంట్లో ఎవరినీ కొడవలి కూడా పట్టనిచ్చేవారు కాదట. బావ అమెరికా వచ్చినా ఆదివారం స్టీరింగ్ ముట్టుకోడు. చర్చికి అక్క డ్రైవ్ చేస్తుంది. ఈయన పక్క సీట్లో బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు, కుడికాలు మాత్రం దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉంటుంది.

వేసవి చివర ఒక శనివారం మాకు వెనక వరసలో చోటొచ్చింది. అందరూ లోపలి గీత పట్టుకుని చీమల బారులా పోతున్నారు. బయటి గీత మీద టైర్ల నుంచి ఊడిన రబ్బరు పొట్టు పరుచుకుని ఉంటుంది. దాని మీదికి వెళ్ళినవాడు గోడకి గుద్దుకోవడమే. బావ దాని మీదికే వెళ్ళాడు. జారనిచ్చాడు, మళ్ళించుకున్నాడు, జారనిచ్చాడు, మళ్ళించుకున్నాడు. ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వచ్చి వెంట్రుకవాసిలో గెలుపు తప్పి రెండోవాడయ్యాడు. గెలిచినవాడికంటే ఈయనకే ఎక్కువ చప్పట్లు కొట్టారు జనం.

ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను ట్రైలరు మీదికి సామాను ఎక్కిస్తున్నాను. గడ్డిటోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకడు వచ్చి నిలబడ్డాడు.

"బయటి గీత మీద వచ్చినతను మీవాడేనా?"

"మా అక్క మొగుడండీ. ఆదివారాలు ఆవిడ తోలుతుంది, మిగతా రోజులు ఈయన."

ఆయన నవ్వలేదు. నా మాటకి నవ్వనివాళ్ళంటే నాకు భయం.

"ఆదివారం పందాల్లో నాకో కారుంది. నా డ్రైవరుకి భుజం విరిగింది. ఇతన్ని రేపు పొద్దున పెద్ద ట్రాకుకి తీసుకెళ్ళి తోలించి చూస్తాను. నచ్చితే సీటు ఇతనిదే."

"మేం ఎక్కడికి రావాలండీ?"

"మేం కాదు. అతనొక్కడే. నా కారుకి నా మెకానిక్కులున్నారు."

నా చేతిలో టైరుంది. దాన్ని కింద పెట్టలేదు.

"ఆదివారం రాడండీ. చర్చి మనిషి" అన్నాను.

"మంచిదే. అయినా అడుగు. హైవే పక్కన హోటలుంది కదా, పొద్దున ఎనిమిదింటి దాకా అక్కడే ఉంటాను. రాననుకుంటే ఆ మాట అతన్నే వచ్చి చెప్పమను."

"అడుగుతాను" అన్నాను.

అడగలేదు.

ఇంటికి వెళ్తుంటే బావే అడిగాడు. "ఎవర్రా ఆ టోపీ ఆయన? చాలాసేపు నిలబడ్డాడు?"

"టైర్లు అమ్ముకునేవాడు బావా. మన టైర్లు ఎంత అరిగాయో చూసి, మనమీద జాలేసి ఏడవబోతుంటే నేనే ఊరుకోబెట్టాను."

బావ స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు. "నీ దుంప తెగ" అన్నాడు. నేనూ నవ్వాను. అబద్ధం చెప్పానని కూడా అప్పుడు అనిపించలేదు, ఎప్పటిలాగే ఒక జోకు వేశాననిపించింది, ఆ జోకే అబద్ధమని, నా జన్మలో వేసిన జోకులన్నిటిలోకీ అది బాగా పేలిందని తర్వాత కదా తెలిసింది.

కానీ మీకు చెప్పాల్సింది ఇది కాదు. శనివారంతో అయిపోయి ఉంటే తొందరపాటని సర్దిచెప్పుకునేవాణ్ణి.

మర్నాడు చర్చికి బయల్దేరాం. తెలుగు ఆరాధన నెలకోసారి దూరాన పెద్ద ఊళ్ళో, ఒక అమెరికన్ చర్చి కింది గదిలో జరిగేది. తొందరగా బయల్దేరితేనే అందుకుంటాం. అక్క తోలుతోంది, ఒళ్ళో బైబిలుతో బావ, వెనక సీట్లో పులిహోర గిన్నె పట్టుకుని నేను. ఎనిమిది ఇంకా కాలేదు. హైవే ఎక్కేచోట ఎర్ర లైటు పడింది. ఎదురుగా హోటలు. కిటికీ పక్కన ఆయనే, టోపీ బల్ల మీద పెట్టి, కాఫీ తాగుతూ తలుపు వంక చూస్తున్నాడు. బయట ట్రక్కుకి తగిలించి ట్రైలరు, దాని మీద తెల్ల కారు.

బావ దాన్ని చూశాడు. అద్దం దించి మరీ చూశాడు.

"ఎవరిదో గానీ ఎంత బాగుందిరా" అన్నాడు.

నేను నోరు తెరిస్తే సరిపోయేది. ఏమని? "బావా, అది నీకోసం ఆగింది" అని. ఆ ఒక్క ముక్క. నేను మాట్లాడకుండా ఉన్న సందర్భం నా బతుకులో అదొక్కటే.

"ఏంటి తమ్ముడూ, ఇవాళ నీ రేడియో పనిచెయ్యట్లేదు?" అంది అక్క.

లైటు పచ్చబడింది.

ఆ మధ్యాహ్నం ఆరాధనయ్యాక ప్లేట్లు పట్టుకుని అందరూ నా చుట్టూ చేరారు. శనివారం పందెం నా నోటితో వినడం వాళ్ళకి అలవాటు. చెప్పాను. బావ ఎలా దాటాడో కుర్చీలు పెట్టి మరీ చూపించాను. అక్కడికొచ్చే డాక్టరుగారొకరికి పొలమారింది. పాస్టరుగారు కూడా నవ్వారు. వచ్చే శనివారం మనదేనన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. టోపీ ఆయన్ని మాత్రం ఆ కథలోకి రానివ్వలేదు.

వచ్చే శనివారం మాది కాలేదు. ఇంజను పోయింది. బాగుచేసే లోపల చలికాలం వచ్చింది. అక్కకి హ్యూస్టన్‌లో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. కారు ఎవరికో ఇచ్చేశాం. బావ ఇప్పుడు రొట్టెల కంపెనీ వ్యాన్ తోలుతున్నాడు. మెల్లగా తోలతాడని కంపెనీలో మంచి పేరట. ఆ మాట చెప్పి ఆయన నవ్వాడు, నేను నవ్వలేకపోయాను. ఆ ఏడాదే తెల్ల కారులో కొత్త కుర్రాడొకడు కూర్చున్నాడు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నకి నా దగ్గర చాలా జవాబులున్నాయి, ఒకప్పుడు వాటిని నేనే నమ్మాను. బావ ఎలాగూ ఆదివారం తోలడు కదా. అక్క అప్పుడు కడుపుతో ఉంది, ఏమైనా అయితే? పెద్ద ట్రాకుల దగ్గర మన రంగు మనిషిని ఏమంటారో ఏమో? అన్నీ మంచి కారణాలే. కడిగి ఆరేసినట్టు శుభ్రంగా ఉంటాయి. కానీ టైరు చేతిలో పట్టుకుని నిలబడ్డ ఆ నిమిషంలో వీటిలో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. "మేం కాదు, అతనొక్కడే" అన్న మాట ఒక్కటే వినిపించింది. బావ వెళ్ళిపోతే శనివారం నేనెక్కడ నిలబడాలి? ఎవరిని ఏడిపించాలి? ఎవరి పేరు పెట్టి అరవాలి? ఆయన్ని పోగొట్టుకోకూడదనే చేశాను. చివరికి ఆయన హ్యూస్టన్ వెళ్ళాడు, నేను ఫోన్ పట్టుకుని మిగిలాను.

ఒక్కోసారి ఇలా అనుకుంటాను. అడిగి ఉంటే బావ "రాను" అనేవాడేమో. నాన్నగారిని తలుచుకుని ఆ టోపీ ఆయనకి వందనాలు చెప్పి చర్చికే వచ్చేవాడేమో. అప్పుడు నా వల్ల పోయిందేముంది? కొన్నాళ్ళు ఈ ఆలోచన పట్టుకుని హాయిగా నిద్రపోయాను. తర్వాత అదీ పనిచెయ్యలేదు. ఎందుకంటే ఆ "రాను" కూడా ఆయనదే. తెల్ల కారు ముందు నిలబడి, ఆశ పుట్టి, దేవుడి కోసం వద్దనుకుని ఉంటే అది ఆయన జీవితంలోకెల్లా పెద్ద మాట అయ్యేది. లేదూ, పట్టింపు పక్కన పెట్టి వెళ్ళి ఉంటే అదీ ఆయనదే అయ్యేది. రెండిట్లో ఏదీ దక్కనివ్వలేదు. ఆయన భక్తినే అడ్డం పెట్టుకుని, ఆయన బదులు నేనే జవాబు చెప్పేశాను.

బావకి చెప్పాలా? చెప్పాలనే అనుకుంటాను. తిట్టడు. తిడితే ఎంత బాగుండును. "నేను వెళ్ళేవాణ్ణంటావా?" అని అడుగుతాడు. నాకు బాగా తెలుసు, అదే అడుగుతాడు. దానికి నేనేం చెప్పను? నాకు తెలియదు. ఇప్పుడు ఆయనకీ తెలియదు. ఆ ఎర్ర లైటు దగ్గర తెలిసి ఉండేది.

ఎల్లుండి ఆదివారం. చిన్న ట్రాకు, గట్టి మలుపులు. తెల్ల కారు బయటి గీత పట్టుకుంటుందో లేదో చెప్పడానికి మళ్ళీ ఫోన్ చేస్తాను. ఆ పందెం కథ అయ్యాక ఇంకో కథ ఉందంటానో, అనలేనో, నా మీద నాకంత నమ్మకం లేదు. మీరు నన్ను క్షమించక్కర్లేదు, అది మీ చేతిలో లేనిది. ఆ వారాంతం కథని ఎంతోమందికి ఎన్నోసార్లు చెప్పాను, అందులో టోపీ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అంతే.