నా బార ఐదడుగుల మూడంగుళాలు

పద్ధెనిమిదేళ్ళు మేము కొలిచిన బావుల లెక్కను, నరసరావుపేటలోని ఒక స్వచ్ఛంద సంస్థ తన సిబ్బంది కొలిచినట్టు రాసి పరాయి దేశానికి పంపింది. మొదటి పేజీ మీద వాళ్ళ పేరు. పదకొండో పేజీలో మా రైతుల సంఘం పేరు, 'లబ్ధిదారులు' అనే మాట కింద.

మాది ఈపూరు దగ్గర మెట్ట ఊరు. కాలవ నీళ్ళు మా దాకా రావు. బావిలో ఎంతుంటే అంతే మిర్చి, అంతే పత్తి. ఒక కరువు ఏడు ఏ బావి ముందు ఎండుతుందో తెలియక అందరం ఒకేసారి మునిగాం. ఆ తర్వాత మొదలుపెట్టాను కొలవడం. అమావాస్య నాడు మా ఊళ్ళో అరక కట్టరు. ఎట్లాగూ పని లేని రోజే కదా, పొద్దున్నే ఎవరూ మోటారు వెయ్యవద్దని ఒప్పించాను. మొదటి రెండు నెలలు నవ్వారు. తర్వాత అదే అలవాటైపోయింది. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు కొబ్బరితాడుకి రాయి కట్టి వదిలేవాణ్ణి. రాయి నీటికి తగలగానే తాడును గట్టు దగ్గర పట్టుకుని పైకి లాగి, రెండు చేతులు బారచాపి తాడు కొలిచేవాణ్ణి. ఇన్ని బారలు, ఇన్ని జానలు అని కేకేస్తే, గట్టు మీద కూర్చుని మా ఆవిడ పుస్తకంలో రాసేది. ముప్పై ఒక్క బావులు. ఆమెకు జ్వరం వచ్చిన రెండు నెలలు తప్ప ఆ పుస్తకంలో నా రాత లేదు.

నాకు ఐదో తరగతితో బడి ఆగింది. ఇంగ్లీషు పురుగుమందు డబ్బాల్లో వచ్చే కాగితాలు చదివి నేర్చుకున్నాను. ఆ కాగితంలో అసలు సంగతి చివర ఉంటుంది, మందు కడుపులోకి పోతే ఏం చెయ్యాలో. అందుకని ఏ కాగితమైనా చివరి పేజీ ముందు చదవడం నాకు అలవాటు. ఈ ఒక్కసారే చదవలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను.

ఆ పేట సంస్థ కార్యదర్శి మా ఊరు వచ్చి, ఒక విదేశీ ప్రభుత్వ సహాయ సంస్థ మన మెట్ట ప్రాంతాల భూగర్భ నీటి మీద పని పెడుతోందని చెప్పాడు. విదేశీ డబ్బు తీసుకోవాలంటే కేంద్రం అనుమతి కావాలనీ, మా సంఘానికి అది లేదు కాబట్టి వాళ్ళ ద్వారా పంపితే మేలనీ అన్నాడు. అనుమతి మాట నిజమే. మాకు లేదు. ఆ పని ప్రకటన చదవకుండానే పుస్తకం ఇచ్చాను. ఫోటోలు తీసుకుని తిరిగిచ్చాడు. నెల తర్వాత, ఎంత అందంగా వచ్చిందో చూడండి అంటూ ఆయనే ఆ దరఖాస్తు నా ఫోనుకు పంపాడు.

నేను పేట వెళ్ళాను. మంచినీళ్ళిచ్చారు, కుర్చీ వేశారు. మర్యాదకు లోటు చెయ్యలేదు.

"పేరు ఎవరిదైతే ఏముంది పెద్దాయనా, మేలు జరిగేది మీకేగా" అన్నాడు కార్యదర్శి.

"మేలు సంగతి తర్వాత. కొలిచింది ఎవరు?"

"ఆ ఫారంలో అట్లాంటి గడి లేదండి."

గడి లేదంట. పద్ధెనిమిదేళ్ళు పట్టే గడి ఎక్కడుంటుంది?

ఇంటికొచ్చి ఆ సహాయ సంస్థ వెబ్‌సైటు నేనే తెరిచాను. వాళ్ళు దాచిపెట్టేదేమీ లేదు. ప్రతి ప్రకటనకూ ఒక నంబరు, ఏ దేశంలో పని, ఎవరు అర్హులు, ప్రశ్నలు అడగడానికి ఆఖరు తేదీ, దరఖాస్తుకు ఆఖరు తేదీ, అన్నీ అక్కడే ఉన్నాయి. ఏ ఊరివాడైనా చదువుకోవచ్చు. మూడు రోజులు కూర్చుని, తెలియని మాట వచ్చినప్పుడల్లా డిక్షనరీ తీసి, చివరి పేజీ నుంచి వెనక్కి చదివాను. అప్పుడు తెలిసింది. గ్రాంటు వేరు, కాంట్రాక్టు వేరు. గ్రాంటు సాయంగా ఇచ్చేది, దానికే ఆ అనుమతి. కాంట్రాక్టు పని చేయించుకుని ఇచ్చే కూలి. నీళ్ళు కొలిచే పని గ్రాంటు కాదు, కాంట్రాక్టు. రిజిస్టరైన ఏ సంఘమైనా అడగవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు కోసం తిరిగిన రోజుల్లోనే మా సంఘాన్ని రిజిస్టరు చేయించి ఉన్నాం. దరఖాస్తుకు ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.

కానీ లెక్క అప్పటికే వాళ్ళ పేరు మీద అక్కడికి చేరింది. అదే లెక్క మేమూ పంపితే, దొంగిలించింది మేమే అనుకోరా? ఆ పుస్తకం మాదని నిరూపించుకోవాలి. లేకపోతే ఈ పనే కాదు, ఇక ముందు ఏ పనికీ మా సంఘం మొహం చూపించలేదు.

ఈపూరు సెంటర్లో కాలిన మోటార్లకు తీగ చుట్టే సాయిబు ఒకాయన ఉన్నాడు. నాకన్నా పదేళ్ళు చిన్న. మా బావుల్లో ఆయన చెయ్యి పడని మోటారు లేదు. ఆయన షాపులో కూర్చుని ఇద్దరం ఆ దరఖాస్తు ముందేసుకున్నాం. వాళ్ళు బారలన్నీ అడుగుల్లోకి మార్చి, అక్కణ్ణించి మీటర్లు చేశారు. బారకు ఆరడుగుల చొప్పున. పుస్తకాల్లో అట్లాగే ఉంటుందిలే. ఒకచోట సాయిబు వేలు ఆగింది. అది మా చింతచేను బావి. కొలవడం మొదలయ్యాక వచ్చిన ఇంకో కరువు ఏడు ఎనిమిదిన్నర బారల కింద నీళ్ళు అని మా ఆవిడ రాసింది. వాళ్ళ లెక్కన యాభై ఒక్క అడుగులు.

"అన్నా, ఆ బావిలో మోటారు దించింది నేనే. టేపు పెట్టి చూశా. మొత్తం లోతే నలభై ఎనిమిది. ఈళ్ళ నీళ్ళు రాతి కింద మూడడుగుల్లో ఏం చేస్తున్నాయి?"

అప్పుడు నాకు వెలిగింది. ఆ బార ఎవరిదో నేను పుస్తకంలో ఎక్కడా రాయలేదు. మా ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి రాయాలని తోచలేదు. నేను పొట్టివాణ్ణి. సాయిబు నన్ను గోడకు ఆనించి చేతులు చాపించి టేపు పట్టాడు. ఐదడుగుల మూడంగుళాలు.

"ముసలితనంలో చేతులు కురచైనయ్యేమో చూసుకో అన్నా" అన్నాడు, టేపు చుడుతూ.

ఎగతాళికే అన్నా, అడగాల్సిన ప్రశ్నే. పై దేశం వాళ్ళూ అడుగుతారు. మర్నాడు చింతచేను బావి దగ్గరికి ముగ్గురం పోయాం. తాడు అడుగు దాకా వదిలాను. ఎప్పటిలాగే కొలిచాను, మా ఆవిడ ఎప్పటిలాగే రాసింది. తొమ్మిది బారలు, ఒక జాన. సాయిబు అదే తాడు మీద టేపు పరిచాడు. నలభై ఎనిమిది అడుగులు, బెత్తెడు తేడా కూడా లేదు. పద్ధెనిమిదేళ్ళుగా నా చేతులు అబద్ధం చెప్పలేదు. ఈ మాట రాసుకోవడానికి నేనేం సిగ్గుపడను.

మా ఆవిడ మాత్రం పుస్తకం మూసి, "ఆ పేటోళ్ళు ఈ గట్టు మీద ఒక్క పూటన్నా కూర్చున్నారా, అది అడుగు" అంది.

అదే అడిగాను. దరఖాస్తు మా సంఘం పేరు మీద నింపి, దానికి ఒక ఉత్తరం జతచేశాను. మొదటిసారి రాసింది చదివి సాయిబు పడీపడీ నవ్వాడు, అచ్చం పురుగుమందు కాగితంలా ఉందని. మళ్ళీ రాశాను. ఎవరినీ దొంగ అనలేదు. చింతచేను బావి లోతు, వాళ్ళ లెక్క, మా లెక్క పక్కపక్కన పెట్టాను. అన్ని బావుల్నీ నా బారతో మళ్ళీ మీటర్లలోకి మార్చాను. పుస్తకంలో చేతిరాత ఎవరిదో చెప్పి, మా ఆవిడ కొత్తగా రాసిన పేజీ ఫోటో పెట్టాను. చివర, పేట సంస్థ దరఖాస్తులో ఉన్న సిబ్బంది ఎవరో, ఏ బావిని ఏ రోజు కొలిచారో వాళ్ళనే అడగండి అని రాశాను. ఆఖరు తేదీకి ఒక రోజు ముందు పంపాను.

ఆరు వారాలు ఏ కబురూ లేదు. పేట కార్యదర్శి ఒకసారి ఫోను చేసి, కలిసి మాట్లాడుకుందాం రమ్మన్నాడు. మాట్లాడాల్సింది రాసేశానన్నాను.

జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. సాయిబు షాపులోనే చదివాను, చివరి పేరా ముందు, తర్వాత మొదటి నుంచి. ఇంటికొచ్చి మా ఆవిడకు తెలుగు చేసి చదివాను. ఆమె రెండోసారి చదవమంది. ఇది ఆ జవాబు:

"మీ దరఖాస్తు, దానితో పంపిన ఉత్తరం, కొలతల పుస్తకం ఫోటోలు అందాయి. మరో దరఖాస్తుదారు గురించి మీతో చర్చించడానికి మా నిబంధనలు ఒప్పుకోవు. అయితే, ఈ ముప్పై ఒక్క బావుల కొలతలు తీసింది మీ సంఘమేనని మా రికార్డులో నమోదు చేశాము. కాంట్రాక్టుకు మీ సంఘం అర్హమైనది. మీ దరఖాస్తును పరిశీలనకు తీసుకున్నాము. పని మీకే వస్తుందని దీని అర్థం కాదు. వచ్చే నెల మా ఇంజనీరు మీ ఊరు వస్తారు. ఆ రోజు కొలిచేవారు, రాసేవారు ఇద్దరూ బావి దగ్గర ఉండాలని కోరుతున్నాము."